బైపాస్‌లో వేసిన సిర ఎందుకు మందమవుతుంది? ఆ కణాలు ఎక్కడి నుంచి వస్తాయి?

గుండె బైపాస్ అయిన ఇంట్లో తరచూ వినిపించే మాట, "కాలి నరం తీసి గుండెకు వేశారు" అని. నిజానికి అది నరం కాదు, సిర. చీలమండ నుంచి గజ్జ దాకా చర్మం కింద సాగే సఫీనస్ సిర. 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో డాక్టర్ రెనే ఫావలోరో దీనితో బైపాస్‌ను వాడుకలోకి తెచ్చారు.

సిర అలవాటుపడింది తక్కువ ఒత్తిడికి. ధమని స్థానంలోకి వెళ్లగానే 120 దాకా ఒత్తిడి దాని మీద పడుతుంది. తట్టుకోవడానికి గోడ మందమవుతుంది. కొంత మందం అవసరమే. హద్దు దాటితేనే లోపలి దారి ఇరుకై, దాని మీద కొవ్వు పేరుకుంటుంది. పదేళ్లు తిరిగేసరికి ఇలాంటి సిరల్లో దాదాపు సగం మూసుకుపోతాయి లేదా బాగా ఇరుకవుతాయి. ఛాతీ లోపలి ధమనితో వేసినవైతే 90 శాతం దాకా తెరిచే ఉంటాయి.

మరి ఆ మందాన్ని కట్టే కణాలు ఎక్కడివి? చాలాకాలం ఒకటే జవాబు చెప్పేవారు. సిర నడిమి పొరలోని నునుపు కండర కణాలు దెబ్బ తగలగానే స్వభావం మార్చుకుని, సంఖ్య పెంచుకుంటూ లోపలి పొరకు పాకుతాయని. బయటి పొరలోని ఫైబ్రోబ్లాస్ట్‌లకూ వాటా ఉందని తర్వాత కొందరన్నారు. ఎముక మజ్జ నుంచి రక్తంలో కొట్టుకొచ్చి అతుక్కుంటాయని ఇంకొందరు.

తేల్చడానికి చిట్టెలుకలు పనికొచ్చాయి. ఒకదాని సిర తీసి మరోదాని ధమనికి అతికిస్తారు. రెండింటిలో ఒకదాని కణాలకే జన్యువుల ద్వారా రంగు గుర్తు ఉంటుంది. 2002లో వచ్చిన ఇలాంటి పరిశోధనలో కండర కణాలు కొన్ని సిరవే అని, మిగతావి దాన్ని అందుకున్న ఎలుకవని తేలింది. మజ్జ నుంచి వచ్చినవి మాత్రం కావు. 2014లో అసలు ఊహించని చోటు బయటపడింది. రక్తాన్ని తాకుతూ సిర లోపలి వైపు పరుచుకుని ఉండే ఎండోథీలియం కణాలే రూపం మార్చుకుని కండర కణాల్లా తయారవుతున్నాయి! టీజీఎఫ్-బీటా అనే సంకేతం వాటిని అటు నడిపిస్తుంది. దాన్ని అడ్డుకుంటే ఎలుకల్లో మందం తగ్గింది. చనిపోయిన మనుషుల నుంచి తీసి చూసిన బైపాస్ సిరల్లోనూ ఇలా సగం మారిన కణాలు కనిపించాయి.

అయితే ఎలుక సిర గోడ కొన్ని కణాల మందమే. మనిషి కాలి సిరలో కండర పొర బాగా దట్టం. కాబట్టి మనిషిలో సిర సొంత కండర కణాల వాటా ఎక్కువే ఉండొచ్చు. ఎలుక లెక్కను యథాతథంగా మనిషికి వేయడం తొందరపాటే.

ఈ ప్రశ్న ల్యాబుకే పరిమితం కాదు. కణాల విభజనను ఆపే ఎడిఫోలిజైడ్ మందులో సిరను ముందే నానబెట్టి, 3,000 మందికి పైగా బైపాస్ రోగుల మీద పరీక్షించారు. 2005లో ఫలితం వచ్చింది. మందు వాడని సిరలతో పోలిస్తే తేడా లేదు. దానికి కారణం ఇదొక్కటే అనలేం గానీ, కణాలు నాలుగు దిక్కుల నుంచి వస్తుంటే ఒక్క తలుపు మూయడం చాలదన్నమాట.

ప్రస్తుతానికి సర్జన్ చేతిలో ఉన్నది సిరను నలపకుండా, సాగదీయకుండా తీయడం. చుట్టూ ఉన్న కొవ్వుతో సహా తీసే పద్ధతీ ఉంది. రోగి చేతిలో ఉన్నవి డాక్టర్ రాసిన ఆస్పిరిన్, స్టాటిన్ మాత్రలు మానకపోవడం, సిగరెట్ ముట్టకపోవడం. నొప్పి లేదు కదా అని ఏడాదికే మాత్రలు ఆపేసేవాళ్లు చాలామంది ఉంటారు. గోడ మందమయ్యేటప్పుడు నొప్పి పుట్టదు.