పాత ట్రాక్టర్ల పెద్ద టైరు కథ: ఏది దేనికి పడుతుంది?

ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు పోయే దారిలో ఉంటుంది మా చాపాడు. కేసీ కాలువ కింద వరి పండే నేల ఇది. పాత ట్రాక్టరు పెట్టుకున్న రైతు ఎవరు కనబడినా అడిగేది ఒకటే: "అన్నా, ఆ బండి చక్రం మన బండికి పడుతుందా?" జవాబు చెప్పాలంటే కొంచెం చరిత్రలోకి పోవాల.

మన దేశంలో ట్రాక్టర్లు ఒకే వంశం నుంచి రాలేదు. 1960లో మద్రాసులో మొదలైన టాఫే, మాసీ ఫెర్గూసన్ బండ్లు చేసింది. మనం చూసే 1035కు పెద్దన్న ఇంగ్లండులో 1950లలో వచ్చిన ఎంఎఫ్ 35. దానికీ ముందుది, 1946లో కోవెంట్రీలో మొదలైన టీఈ 20. ఇక 1963లో మహీంద్రా, వోల్టాస్, ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కలిసి కంపెనీ పెట్టి బీ-275 తెచ్చినాయి. హెచ్‌ఎంటీ 1971లో పింజోర్‌లో మొదలుపెట్టింది జెటార్ నమూనా. తల్లులు వేరు కాబట్టి లోపలి ఎముకలూ వేరే.

బయటినుంచి లోపలికి పోదాం. టైరు అయితే సులభం. పాత టైరు మీద 11-28 అని ఉంటే, ఇప్పటి 12.4-28 దాని బదులు పడుతుంది. 28 అంటే రిమ్ము కొలత, అంగుళాల్లో. రిమ్ము కొలత కలిస్తే కంపెనీ ఏదైనా పర్వాలేదు. కానీ రెండు పెద్ద టైర్లూ ఒకే సైజు ఉండాల. లేకుంటే తిన్నగా పోతున్నా డిఫరెన్షియల్ గేర్లు తిరుగుతూనే ఉండి అరిగిపోతాయి.

తర్వాత డిస్కు. ఫెర్గూసన్ బండ్లకు 8 స్టడ్లు, 8 అంగుళాల వలయం మీద. డిస్కునూ రిమ్మునూ తిప్పి బిగిస్తే టీఈ 20 చక్రాల మధ్య ఎడం 48 అంగుళాల నుంచి 76 దాకా, నాలుగేసి అంగుళాల చొప్పున మారుతుంది. పంట సాళ్లను బట్టి మార్చుకునే ఏర్పాటు అది.

ఇరుసు దగ్గర మాత్రం చుట్టరికం తెగిపోతుంది. ఎంఎఫ్ 35లో బ్రేకు డ్రమ్ము చక్రం పక్కనే, హౌసింగు చివర ఉంటుంది. బీ-275లో బుల్ గేర్లు ఉంటాయి, ఆ కట్టుబడే వేరు. షాఫ్టు పొడుగు, పళ్లు, బేరింగు, ఆయిల్ సీలు ఏవీ కలవవు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా ఇంట్లోనే జరిగింది. పాత సామాన్ల అంగట్లో దొరికిన డిస్కు తెచ్చి నేనే బిగించినా. ఎనిమిది బెజ్జాలూ సరిపోయినాయి, సంబరపడినా. నట్టు వాలు, బెజ్జం వాలు కలవలేదని చూసుకోలేదు. నట్లు వదులవుతూ వచ్చినాయి, బెజ్జాలు కోడిగుడ్డు మాదిరి సాగినాయి. వడ్ల లోడుతో పోతుంటే స్టడ్లు తెగి చక్రం ఊడింది. స్టీరింగు మీద ఉండింది మా నాయన. భుజం విరిగింది, ప్రాణం దక్కింది.

అందుకే నాలుగు చూడండి: బెజ్జాల లెక్క, వలయం కొలత, నడిమి బెజ్జం, నట్టు వాలు. నాలుగూ కలిస్తేనే బిగించండి. మొదటి రోజు పని కాగానే మళ్లీ స్పానరు పెట్టండి. ఇరుసు సామాను అయితే పాత ముక్క చేతిలో పట్టుకొని పోండి, పేరు చెప్పి కొనొద్దు.