బటూమి ఫలితాల పట్టికలో కనబడనిది

2025 జులై 28, సోమవారం సాయంత్రం. రాజమండ్రిలో ల్యాప్‌టాప్ ముందు నేను, కాకినాడ నుంచి ఫోన్‌లో అక్క. జార్జియాలోని బటూమిలో మహిళల చెస్ ప్రపంచ కప్ ఫైనల్ నడుస్తోంది. కోనేరు హంపి, దివ్య దేశ్‌ముఖ్. రెండు క్లాసికల్ ఆటలూ డ్రా. మొదటి ర్యాపిడ్ కూడా డ్రానే. రెండో ర్యాపిడ్‌లో గడియారం తరుముతుంటే హంపి తడబడింది. 1.5–0.5.

"అయిపోయిందే," అంది అక్క.

ఆ గెలుపుతో దివ్య నేరుగా గ్రాండ్‌మాస్టర్ అయిపోయింది. 2002లో హంపి గ్రాండ్‌మాస్టర్ అయ్యేనాటికి దివ్య ఇంకా పుట్టనే లేదు.

అక్క కూడా స్కూల్లో బాగా ఆడేది. టెన్త్ అవగానే హాస్టల్‌కి పెట్టె సర్దుకుంది, బోర్డు అటకెక్కింది. మానేయమని ఎవరూ అనలేదు. ఆడమనీ అనలేదు. మా గోదావరి జిల్లాల్లో ఇదేమంత వింత కాదు.

హంపి పేరెత్తితే మా ఇంట్లో పెద్దవాళ్ళు ఒకటే కథ చెప్తారు. గుడివాడలో పుట్టిన పిల్ల కోసం తండ్రి అశోక్ గారు కెమిస్ట్రీ లెక్చరర్ ఉద్యోగం వదులుకున్నారని. నిజమే. 1997లో అండర్-10 ప్రపంచ టైటిల్, 2001లో ఏథెన్స్‌లో ప్రపంచ జూనియర్ బాలికల టైటిల్, పదిహేనేళ్ళకే జూడిట్ పోల్గార్ రికార్డు దాటి గ్రాండ్‌మాస్టర్ హోదా. ఆ రికార్డును 2008లో చైనా అమ్మాయి హౌ యీఫాన్ చెరిపేసింది. 2011లో టిరానాలో ప్రపంచ టైటిల్ మ్యాచ్‌లోనూ ఆమే ఎదురైంది. 5.5–2.5. హంపి ఒక్క ఆటా గెలవలేదు.

పెద్దవాళ్ళ కథ ఇంతకుముందే ఆగిపోతుంది. "అంత త్యాగం మనవల్ల ఏమవుతుందిలే" అనుకోవడానికి అదే వీలు. తర్వాతది ఎవరూ చెప్పరు. 2017లో కూతురు పుట్టింది. దాదాపు రెండేళ్ళు ఆటకు దూరం. మళ్ళీ వచ్చి 2019లో మాస్కోలో లెయ్ తింగ్‌జియెను టైబ్రేక్‌లో దాటి ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో మొదటి రౌండే ఓడిపోయింది. అయినా 11 ఆటల్లో 8.5 పాయింట్లు తెచ్చుకుని రెండోసారి గెలిచింది. అప్పటికి ఆమెకు 37 ఏళ్ళు.

పట్టికలో గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ ఉంటారు. మానేసినవాళ్ళకి గడి ఉండదు. మానేసి తిరిగొచ్చినవాళ్ళు ఎంత దూరం నుంచి వచ్చారో కూడా అందులో రాయరు. బటూమిలో రెండో స్థానం అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, మా అక్కలాంటి వాళ్ళకి పనికొచ్చే సగం పోతుంది.

ఓడినా హంపికి క్యాండిడేట్స్‌లో చోటు దొరికిందని చెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం.

"అదెప్పుడే?" అంది అక్క. "డేట్లు వస్తే నాకు పెట్టు."