పితూరీ

మా కోటబొమ్మాళి వైపు పితూరీ అంటే ఒకరి మీద మరొకరికి చెప్పడం. నారాయణవలస సంతలో ఎడ్ల బేరం చెడిపోయిన దళారి "ఆడే రైతుకాడికెల్లి నా మీద పితూరీ సెప్పేసినాడు" అని వాపోతాడు. కొత్తమ్మ తల్లి జాతరకి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ "వదినా, అమ్మకాడ నా మీద పితూరీలెట్టకు" అని నవ్వుతూనే హెచ్చరిస్తుంది. చిన్న మాట, ఇంటి మాట. బడిపిల్లలు కూడా మేష్టారికి రోజూ చెప్పేవి పితూరీలే.

చరిత్ర పుస్తకం తెరిస్తే ఇదే మాట తుపాకి పట్టుకుని కనిపిస్తుంది. 1879లో గోదావరి ఏజెన్సీలో జరిగింది రంప పితూరీ. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు నడిపింది మన్యం పితూరీ. 1857ని కూడా పాతతరం తెలుగువాళ్ళు సిపాయి పితూరీ అనే అన్నారు. మద్రాసు ప్రభుత్వం ఇంగ్లీషులో రాసుకున్న కాగితాల్లోనూ ఈ మాట ఫితూరీగా అలాగే నిలిచింది. దొరలు తమ భాషలో ఉన్న మాటలు చాలవన్నట్టు దీన్ని అరువు తెచ్చుకున్నారు.

మాట ఉర్దూ మీదుగా వచ్చింది. అరబ్బీలో ఫుతూర్ అంటే సడలిపోవడం, నీరసించడం. పారశీకం, ఉర్దూ చేరేసరికి ఫితూర్ అంటే లోపం, గందరగోళం, అల్లరి అయింది. ఇవాళ్టి హిందీలో తలకెక్కిన పిచ్చి అన్న అర్థం కూడా ఉంది. తెలుగులో కచేరీ, జమాబందీ, ఫిర్యాదు లాంటి మాటలతో కలిసి వచ్చిందంటే, వచ్చిందే పాలించేవాడి నోట. కట్టు సడలితే ఏలేవాడికి అది ఫితూరే కదా. నాకు తోచిన వరస ఇది: మధ్యలో కుట్ర అన్న అర్థం ఒకటుంది. దాని నుంచి రెండు కొమ్మలు చీలాయి. కుట్ర చేసి పైవాడి మీద తిరగబడటం ఒక కొమ్మ, చాటుగా వెళ్ళి పైవాడి చెవిలో వెయ్యడం రెండో కొమ్మ. మొదటిది దొర మీదికి వెళ్ళడం, రెండోది దొర దగ్గరికి వెళ్ళడం. మొదటి కొమ్మ ఎండింది. రెండోది మన ఇళ్ళలో ఇప్పటికీ పచ్చగా ఉంది.

ఐరోపాలో ఇలా జరగలేదు. అక్కడ రెవల్యూషన్ అన్న మాట ముందు ఆకాశంలో ఉండేది. 1543లో కోపర్నికస్ తన పుస్తకానికి పేరు పెట్టినప్పుడు దాని అర్థం గోళాలు తిరిగి తిరిగి మొదటి చోటికి రావడమే. 1688లో ఇంగ్లండు రాజుని మార్చినప్పుడు కూడా పాత హక్కులు తిరిగి చేతికొచ్చాయన్న భావం అందులో ఉంది. 1789 ఫ్రెంచి విప్లవం తరవాత మాత్రం ఆ మాట వెనక్కి తిరగలేదు. ఇక రాకూడని పాతకాలానికీ, రావలసిన కొత్తకాలానికీ మధ్య గీత అయింది. గెలిచినవాళ్ళు తమ పనికి తామే పేరు పెట్టుకున్నారు కాబట్టి అది సాధ్యపడింది.

ఒకే దశాబ్దం తీసుకుని చూద్దాం. 1830లో బ్రస్సెల్స్‌లో జనం డచ్చి రాజు మీద లేచారు. 1831కల్లా బెల్జియం అన్న కొత్త దేశం, దానికో రాజ్యాంగం వచ్చేశాయి. 1832లో మా పక్కనున్న పర్లాకిమిడిలో, పాలకొండలో కూడా జనం లేచారు. కుంపిణీ సర్కారు జార్జి రస్సెల్‌ని స్పెషల్ కమిషనర్‌గా పంపింది. సైనిక శాసనం పెట్టి అణిచారు. పాలకొండ జమీందారీ జప్తయింది. అక్కడిది విప్లవం, ఇక్కడిది పితూరీ. పాలకొండ, పర్లాకిమిడి మనుషులు బ్రస్సెల్స్ మనుషుల కంటే ధైర్యంలో తక్కువని ఎవరూ అనలేరు. ఓడిపోయినవాడికి పేరు పెట్టుకునే అవకాశం దక్కదు, అంతే తేడా.

అసలు ఐరోపా యుద్ధాలు మా గడప తొక్కి అప్పటికే చాలాకాలం అయింది. 1753లో చికాకోల్ సర్కారు, అంటే మన శ్రీకాకుళం, మరో మూడు సర్కారులతో కలిసి పరాసుల చేతికి వెళ్ళింది. 1757 బొబ్బిలి యుద్ధంలో ఫిరంగులు పరాసుల సేనాని బుస్సీవి. ఏడేళ్ళ యుద్ధమని ఐరోపా చదువుకునేదానిలో 1758 నాటి చందుర్తి పోరు కూడా ఒక ముక్కే. 1765కల్లా సర్కారులు ఇంగ్లీషువాళ్ళవి. లండన్‌కీ పారిస్‌కీ పడని తగువులో మనకి దొర మారాడు, శిస్తు మారలేదు.

రస్సెల్ చెప్పిన సలహా మీద 1839లో 24వ నంబరు చట్టం వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో చాలా భాగాన్ని మామూలు కోర్టుల నుంచీ మామూలు చట్టాల నుంచీ తప్పించి, కలెక్టరుకే గవర్నరు ఏజెంటుగా సర్వాధికారాలు ఇచ్చింది. ఏజెంటు ఏలే చోటు కనక ఏజెన్సీ. మనం కొండప్రాంతానికి ఏదో భూగోళం పేరులా వాడుకునే ఈ మాట నిజానికి పితూరీ పెట్టిన భయానికి గుర్తు. సీతంపేట వెళ్ళే బస్సెక్కి "ఏజెన్సీకెల్తన్నాం" అన్నప్పుడల్లా 1832ని తలుచుకుంటున్నామన్నమాటే. రష్యాలో విప్లవం వచ్చిన 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఇక్కడ మరో చట్టం చేసింది: ఏజెంటు అనుమతి లేకుండా కొండవాళ్ళ భూమి ఇతరులకి చేతులు మారకూడదని. కాగితం మీద నిషేధం నిలిచింది. భూమి మాత్రం అప్పుల దారిన సావుకార్ల చేతికి జారుతూనే వచ్చింది.

విప్లవం అన్న మాట సంగతి వేరు. సంస్కృతంలో ప్లు ధాతువుకి తేలడం, ఈదడం, ఎగరడం అని అర్థాలు. ప్లవమంటే తెప్ప, ప్లవంగమంటే కోతి. విప్లవమంటే పొంగి ముంచెత్తడం, చెల్లాచెదురు కావడం, నాశనం. అమరకోశం దీన్ని డింబం, డమరం పక్కన కూర్చోబెట్టింది. నీతిశాస్త్రాలు కరవుతో పాటు రాష్ట్రవిప్లవాన్నీ ఆపదల జాబితాలో వేశాయి. వంశధార పొంగు చూసినవాళ్ళకి ఈ ధాతువు విప్పి చెప్పక్కర్లేదు: వరద తీశాక ఒక పొలంలో ఒండ్రు ఉంటుంది, పక్క పొలంలో ఇసుక మేట వేస్తుంది. అలాంటి మాటని తెలుగువాళ్ళు ఇరవయ్యో శతాబ్దంలో ఆశకి పేరుగా మార్చుకున్నారు. పితూరీ కిందికి దిగితే విప్లవం పైకెక్కింది.

ఆ ఎక్కడంలో శ్రీకాకుళం పాలు పెద్దది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకి వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న చనిపోయారు. గిరిజనులు అడుగుతున్నవి చాలా మామూలు సంగతులు: కంబారికి, అంటే పాలేరుకి, సరైన కూలి, పోడు హక్కు, పోయిన భూమి. వాళ్ళని కూడగట్టిన సత్యం, కైలాసం బడిపంతుళ్ళు. బొడ్డపాడు గుడిలో పూజ చేసిన సుబ్బారావు పాణిగ్రాహి విప్లవం అన్న మాటని జముకుల కథలోకి తెచ్చాడు. 1970 జులై 4న ఏర్పడిన రచయితల సంఘం తన పేరులోనే విప్లవాన్ని పెట్టుకుంది. ఆరు రోజులకే, 10న, సత్యం, కైలాసం చనిపోయారు. 1968లో ఒక అమెరికా అధికారి, ఎర్ర విప్లవానికి పోటీగా, కొత్త వరి, గోధుమ వంగడాలకి హరిత విప్లవమని పేరు పెట్టడం కూడా అప్పటి సంగతే. ఏలేవాళ్ళకి ఆ మాట మీద ఎంత ఆశ పుట్టిందో చూడండి. తరవాత పాలకీ విప్లవం వచ్చింది, చేపలకీ వచ్చింది.

ఈ పోరాటం సాగుతుండగానే, 1970 ఫిబ్రవరిలో, 1/70 చట్టం వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి కూడా భూమి అమ్మకూడదంది. అక్కడి భూమి మొదట గిరిజనుడిదే అనుకుని మొదలుపెట్టాలంది. 1839లో తిరుగుబాటుకి జవాబుగా మామూలు చట్టాన్ని వెనక్కి తీశారు, 1970లో చట్టం ఇచ్చారు. ఈ రెండిటికీ మధ్య ఉన్న దూరమే నా దృష్టిలో పితూరీకీ విప్లవానికీ మధ్య దూరం.

ఇప్పుడు రంప పితూరీని రంప విప్లవమని మార్చి రాస్తున్నవాళ్ళున్నారు. వాళ్ళ గౌరవం నాకర్థమవుతుంది, కానీ ఒప్పుకోలేను. పితూరీ అన్నప్పుడు ఏలేవాడి గుండెదడ ఆ మాటలో వినిపిస్తుంది. దాన్ని చెరిపేస్తే ఏజెన్సీ అన్న మాట ఎందుకు పుట్టిందో కూడా మరిచిపోతాం. మాటని అలాగే ఉంచి, దానికి దక్కని మర్యాదని ఇప్పుడు ఇవ్వాలి.

ఇవ్వడానికి దూరం వెళ్ళక్కర్లేదు. మందస, మెళియాపుట్టి మండలాల్లో ఎన్నో సవర పల్లెలు షెడ్యూల్డు ప్రాంతం గీతకి ఇవతల ఉండిపోయాయి. 1/70 వాళ్ళ భూమికి వర్తించదు. గీతలో చేర్చమని వాళ్ళు అడుగుతూనే ఉన్నారు, అర్జీలు పెడుతూనే ఉన్నారు.