నిడుబ్రోలు మాగాణి, రంగా గారి పార్లమెంటు

విజయవాడ నుంచి గూడూరు వైపు పోయే రైలుకు తెనాలి దాటాక, బాపట్ల ఇంకా రాకముందు నిడుబ్రోలు స్టేషన్ తగులుతుంది. పొన్నూరు వెళ్లవలసినవాళ్లు దిగేది ఇక్కడే. రెండు ఊళ్లూ కలిసిపోయి ఇప్పుడు ఒకే మునిసిపాలిటీ. సాక్షి భావనారాయణస్వామి గుడి వల్ల పొన్నూరు పేరు దూరప్రాంతాల వాళ్లకు కూడా తెలుసు. నిడుబ్రోలు పేరు చాలామందికి స్టేషన్ బోర్డు మీదే కనిపిస్తుంది. కానీ దేశ రైతు ఉద్యమ చరిత్ర రాసిన వాళ్లెవరూ ఈ పేరును దాటిపోలేదు. అందుకు కారణం ఆచార్య ఎన్.జి. రంగా. 1930లలో ఢిల్లీ కేంద్ర శాసనసభలో మొదలైన ఆయన చట్టసభల జీవితం 1991 దాకా సాగింది.

రంగా గారి గురించి రాసేవాళ్లు చాలామంది ఆయన పదవులతో మొదలుపెడతారు. ఈ ఊరివాడిగా నేను మట్టితో మొదలుపెడతాను, ఎందుకంటే ఆయన రాజకీయం మొత్తానికి మూలం ఇక్కడి మట్టిలోనే ఉందని నా నమ్మకం. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక పశ్చిమ డెల్టా కాలువల వెంట మెరక చేలు మాగాణులయ్యాయి. ఇది రైత్వారీ సీమ. పట్టా రైతు పేరనే ఉండేది, శిస్తు నేరుగా సర్కారుకే కట్టేవాడు, నడుమ జమీందారు లేడు. పది, ఇరవై ఎకరాల రైతు కూడా వరి అమ్మి నాలుగు డబ్బులు వెనకేసుకుని కొడుకును గుంటూరులోనో మద్రాసులోనో చదివించే స్థితికి వచ్చాడు. భూమి తనదైతే రైతు ఎంత ఎదగగలడో ఈ ఊళ్లు కళ్లారా చూశాయి. 1900 నవంబరు 7న నిడుబ్రోలు రైతు కుటుంబంలో పుట్టిన గోగినేని రంగనాయకులు ఆ ఎదుగుదల మధ్యనే పెరిగాడు.

ఆయన ఆక్స్‌ఫర్డ్ వెళ్లి అర్థశాస్త్రం చదివారు, తిరిగి వచ్చాక మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యుడయ్యారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన మనిషి తొలి రోజుల్లో ఏం రాశాడని వెతికితే డెల్టా గ్రామాల ఆర్థిక వ్యవస్థ మీద పుస్తకం దొరుకుతుంది. ఎవరి చేతిలో ఎంత భూమి ఉంది, ఎవరికి ఎంత అప్పుంది, కూలి ఎంత, కౌలు ఎంత అన్నవే అందులోని లెక్కలు. బయటి చదువు చదివి సొంత ఊరిని కొలవడానికి కూర్చున్న మనిషి ఆయన.

1933లో నిడుబ్రోలులో ఆయన రైతాంగ విద్యాలయం పెట్టారు. మా ఊరి చరిత్రలో నేను అన్నిటికంటే పెద్దదిగా భావించేది ఈ బడినే. రైతు కుర్రాళ్లను పోగుచేసి శిస్తులు, జమీందారీ చట్టాలు, సహకార సంఘాలు, అర్థశాస్త్రం నేర్పి, కార్యకర్తలుగా తయారుచేసి పల్లెలకు పంపేవారు. అర్జీ ఎలా రాయాలో, సభ ఎలా నడపాలో, కలెక్టరు ముందు లెక్క ఎలా చెప్పాలో రైతుబిడ్డకు నేర్పిన బడి అది. తర్వాతి ఏళ్లలో కొత్తపట్నంలోనూ, మాకు దగ్గర్లోని మంతెనవారిపాలెంలోనూ వేసవి రాజకీయ పాఠశాలలు నడిచాయి. పి.సి. జోషి, అజయ్ ఘోష్ వంటి కమ్యూనిస్టు నాయకులు వాటికి వచ్చి పాఠాలు చెప్పారు. గుంటూరు జిల్లా పల్లెల్లో ఆ కాలపు వేడి అలాంటిది. అంతకు పదేళ్లకు పైగా ముందు, 1921-22లో, పక్కనే ఉన్న పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన రైతులు పన్నుల సహాయ నిరాకరణ నడిపారు. ఆ తరం కొడుకులకే రంగా గారు పుస్తకాలు అందించారు.

తన ఊళ్లో జమీందారు లేకపోయినా రంగా గారి తొలి పోరాటాలు జమీందారీల మీదే జరిగాయి. రైత్వారీ రైతుకున్న హక్కు వెంకటగిరి రైతుకు ఎందుకు లేదన్నది ఆయన ప్రశ్న. 1930ల మొదట్లో వెంకటగిరి జమీన్ రైతుల ఆందోళనలో నిలబడ్డారు. 1936 ఏప్రిల్‌లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, రంగా ప్రధాన కార్యదర్శి. 1938 నాటి రైతు యాత్రను మా జిల్లా పిల్లల పాఠ్యపుస్తకాల్లో పెట్టాలి. ఇచ్ఛాపురం దగ్గర బయలుదేరిన రైతులు 130 రోజుల పాటు, తొమ్మిది జిల్లాల మీదుగా, 1,500 మైళ్లకు పైగా నడిచారు. నడిచినవాళ్లు రెండు వేల మందికి పైనే. దారిపొడుగునా 1,100కు మించి అర్జీలు పోగుచేసి మార్చి 27న మద్రాసు శాసనసభకు ఇచ్చారు. పదేళ్ల తర్వాత, 1948లో, మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. దాని వెనక ఆ కాళ్ల కష్టం ఉంది.

ఇక్కడే ఒక చీలిక కూడా మొదలైంది. రైతు అంటే ఎవరు? పట్టా ఉన్నవాడేనా? కౌలుకు చేసేవాడు, కూలికి వచ్చేవాడు ఆ లెక్కలోకి వస్తారా? కూలీలకు వేరే సంఘం కావాలని కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య గారు, ఆయన సహచరులు పట్టుబట్టి పని చేశారు. రైతు, కూలీ ఒకే పల్లె ప్రజలనీ వాళ్ల మధ్య పోరు పెట్టకూడదనీ రంగా గారు వాదించారు. రెండో ప్రపంచయుద్ధ కాలానికి కిసాన్ సభ కమ్యూనిస్టుల చేతికి వచ్చింది, రంగా బయటికి వచ్చారు. డెల్టాలో ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. చివర్లో మళ్లీ ఈ మాటకు వస్తాను.

స్వాతంత్ర్యం ముందూ వెనకా ఏళ్లను త్వరగా చెప్పుకుందాం. రాజ్యాంగ సభలో సభ్యుడు. 1951లో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పోటీలో నీలం సంజీవరెడ్డి చేతిలో ఓడిపోయారు. ఆ ఏడాదే కాంగ్రెస్ నుంచి బయటికొచ్చి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1955 ఆంధ్ర ఎన్నికల్లో కాంగ్రెస్‌తో జట్టు కట్టారు. ఆ కూటమి 196 స్థానాల్లో 146 గెలిచి కమ్యూనిస్టులను 15కు దింపింది. 1957లో కాంగ్రెస్ అభ్యర్థిగా తెనాలి నుంచి లోక్‌సభకు వెళ్లారు.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సమావేశం ఉమ్మడి సహకార వ్యవసాయం మీద తీర్మానం చేసింది. భూముల్ని కలిపి సేద్యం చేయాలి, యాజమాన్య హక్కు రైతుకే ఉంటుంది, పంటలో వాటా భూమిని బట్టి వస్తుంది అన్నది దాని సారాంశం. కాగితం మీద హక్కు మిగులుతుంది కదా, భయమెందుకని నెహ్రూ గారి పక్షం అడిగింది. గట్టు చెరిగాక హక్కు ఎక్కడ వెతుక్కోవాలన్నది మాగాణి రైతు భయం. ఎకరం పొలం సంగతి తెలియనివాళ్లకు ఇది మూర్ఖత్వంగా కనిపించవచ్చు. కాలువ చివరి చేనుకు నీళ్లు రావడానికి రాత్రంతా గట్టు మీద కాపలా ఉన్నవాడికి గట్టు అంటే ఏమిటో తెలుసు. అప్పటికి రంగా గారు కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీలో కార్యదర్శి. ఆ పదవి వదిలి, పార్టీని కూడా వదిలి, ఆ ఏడాదే రాజాజీ, మినూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. దానికి తొలి అధ్యక్షుడు ఆయనే. నాగపూర్ తీర్మానం తీర్మానంగానే మిగిలిపోయింది, ఎక్కడా పెద్దగా అమలు కాలేదు. రంగా గారి వ్యతిరేకత వృథా కాలేదని నేను అంటాను.

1962 సార్వత్రిక ఎన్నికల్లో తెనాలి స్థానం కమ్యూనిస్టు నాయకుడు కొల్లా వెంకయ్య గారికి దక్కింది. మాడభూషి అనంతశయనం అయ్యంగారు బీహార్ గవర్నరుగా వెళ్లడంతో చిత్తూరు ఖాళీ అయింది. ఆ ఉపఎన్నికలో గెలిచి రంగా గారు మళ్లీ సభలోకి వచ్చారు. స్వతంత్ర పార్టీకి అప్పుడు లోక్‌సభలో 18 మంది. వాళ్ల నాయకుడుగా ఆయన ఇచ్చిన పెద్ద పోరు 1964 నాటి పదిహేడో రాజ్యాంగ సవరణ మీద. అంతకుముందు రాజ్యాంగంలో ‘ఎస్టేటు’ అంటే జమీందారీ లాంటిది. రైత్వారీ భూములు ఆ మాట కిందికి రావని సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. సవరణ ఆ నిర్వచనాన్ని విస్తరించి రైత్వారీ భూముల్ని కూడా అందులోకి లాగింది. అంటే జమీందారు మీద వాడడానికి తయారైన ఆయుధం పట్టాదారు రైతు మీదికి తిరిగింది. సొంత సేద్యంలో ఉన్న, పరిమితికి లోబడిన భూమిని తీసుకుంటే మార్కెట్ ధర ఇవ్వాలన్న రక్షణ కూడా ఆ సవరణలోనే ఉంది. ఆ రక్షణ చాలదన్నది రంగా గారి వాదన. సవరణ ఆగలేదు. కానీ రైత్వారీ రైతు అనే మనిషి ఒకడున్నాడని ఆ రోజుల్లో దేశం వినక తప్పలేదు.

ఆయన మీద నాకున్న అసలు అభ్యంతరం కూడా ఈ ఏళ్లకు చెందిందే. వెంకటగిరి రాజాకు ఎదురునిలిచిన మనిషి, మాజీ సంస్థానాధీశులూ బొంబాయి పారిశ్రామికవేత్తలూ కూర్చున్న పార్టీకి అధ్యక్షుడయ్యారు. మా ఊరి పెద్దల్లో ఆయన్ని ప్రాణంగా ప్రేమించినవాళ్లు కూడా ఈ పొత్తును జీర్ణించుకోలేకపోయారు. సర్కారు చేతిలో భూమి పోవడం జమీందారు చేతిలో పోవడం కంటే పెద్ద ప్రమాదమని ఆయన నమ్మారు కాబట్టి ఎవరితోనైనా కలిశారని నేను అర్థం చేసుకున్నాను. అర్థమైనంత మాత్రాన ఒప్పుకోలేను. 1938లో మద్రాసు దాకా నడిచిన రైతుకు ఆ పార్టీ వేదిక మీద చోటు ఎక్కడుంది?

1967లో శ్రీకాకుళం. అక్కడ గెలిచిన ఆయన శిష్యుడు గౌతు లచ్చన్న గారు రాజీనామా చేయగా, ఉపఎన్నికలో రంగా గారు నెగ్గారు. గురువు కోసం గెలిచిన సీటు వదులుకున్న శిష్యుడి కథ నిడుబ్రోలులో ఇప్పటికీ చెప్పుకుంటారు. కల్లుగీత కుటుంబం నుంచి వచ్చిన లచ్చన్న గారికీ, డెల్టా రైతు కుటుంబం నుంచి వచ్చిన రంగా గారికీ మధ్య ఆ బంధం రైతు ఉద్యమంలో కట్టుకున్నది. ఆ సభలో స్వతంత్ర పార్టీకి 44 మంది, ప్రతిపక్షాల్లో అదే పెద్దది. 1971లో శ్రీకాకుళంలో ఓటమి. పార్టీ కూడా అప్పటికే కరిగిపోతోంది. తర్వాత రంగా గారు తిరిగి కాంగ్రెస్‌కు, ఇందిరా గారి పక్షానికి వచ్చారు. 1977 నుంచి రాజ్యసభ, 1980లో గుంటూరు నుంచి లోక్‌సభ.

1984లో రాష్ట్రమంతా తెలుగుదేశం గాలి వీచి ఆ పార్టీ 30 లోక్‌సభ స్థానాలు గెలుచుకుంది. కాంగ్రెస్‌కు మిగిలినవి ఆరు. అందులో గుంటూరు ఒకటి. ఎనభై నాలుగేళ్ల మనిషికి పార్టీ పేరు మీద కాక ఆయన పేరు మీద పడిన ఓట్లవి అని మా జిల్లాలో పార్టీలకు అతీతంగా ఒప్పుకుంటారు. 1989లో, ఎనభై తొమ్మిదేళ్ల వయసులో, మళ్లీ నెగ్గారు. 1991లో పద్మవిభూషణ్ వచ్చింది. ఆ ఏడాదితో చట్టసభల జీవితం ముగిసింది. 1995 జూన్ 9న ఆయన కన్నుమూశారు.

అరవై ఏళ్లు ఏకధాటిగా సభలో ఉన్నారని సభల్లో చెబుతుంటారు. 1971 తర్వాత కొన్నేళ్లు ఆయన బయటే ఉన్నారు. ఆ విరామం చెప్పడం వల్ల ఆయన గౌరవం తగ్గదు. తెనాలి, చిత్తూరు, శ్రీకాకుళం, గుంటూరు అంటూ నాలుగు చోట్ల ప్రజలు ఆయన్ని ఎన్నుకున్నారు. కేంద్రంలో మంత్రి పదవి లేకుండానే అంతకాలం గడిపారు. ఇది నాకు అంకెల కంటే పెద్ద విషయంగా కనిపిస్తుంది.

ఇప్పుడు మా ఊరి చేల మాట. పట్టాదారుల్లో చాలామంది గుంటూరులో, హైదరాబాదులో, అమెరికాలో ఉన్నారు. వరి వేసేదీ, కోతయ్యాక మినుము చల్లేదీ కౌలుదారు. పంట పోతే పరిహారం పట్టా ఉన్నవాడి ఖాతాలో పడుతుందేమోనన్న దిగులు అతనిది. 2011లో వచ్చిన సాగుదారుల చట్టం, 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ఇతని కోసమే. రెండోదాని కింద కార్డు పదకొండు నెలలకు, అదీ యజమాని సంతకం పెడితేనే. సంతకం పెడితే భూమి పోతుందని యజమాని భయం. ఆ భయానికి ధైర్యంగా గొంతునిచ్చిన మనిషి రంగా గారు. దున్నేవాడి భయానికి అంత గొంతు ఇవ్వలేకపోయారు. తన ఇంటి మంచినీళ్ల బావిని దళితులకు తెరిచిన మనిషే అయినా, దళిత కూలీకి భూమి ఎలా వస్తుందన్న ప్రశ్నకు ఆయన రాజకీయం సరైన జవాబు చెప్పలేదు. ఆయన్ని గౌరవించేవాళ్లమే ఈ మాట చెప్పాలి, ఎందుకంటే రైతు అనే మాటను అంత పెద్దది చేసింది ఆయనే.

పార్లమెంటు ప్రాంగణంలో ఆయన విగ్రహం ఉంది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి 1996లో ఆయన పేరు పెట్టారు. రాష్ట్రం విడిపోయాక ఆ పేరున్న విశ్వవిద్యాలయం గుంటూరు పక్కన లాంకు వచ్చింది. ఊళ్లో జరగవలసిన పని వేరే ఉంది. రైతాంగ విద్యాలయంలో చదివినవాళ్ల ఇళ్లలో పాత ఫోటోలు, నోటు పుస్తకాలు, జైలు నుంచి వచ్చిన ఉత్తరాలు ఉంటే, వాళ్ల పిల్లలు ఉండగానే వాటిని ఒకచోట చేర్చి పేర్లు రాసుకోవాలి. పార్లమెంటు చర్చల పాత సంపుటాలు ఇప్పుడు డిజిటల్ గ్రంథాలయంలో ఎవరికైనా దొరుకుతున్నాయి. వాటిలోంచి నాగపూర్ తీర్మానం మీద, పదిహేడో సవరణ మీద ఆయన మాట్లాడినవి, ఆయనకు ఎదురుగా కమ్యూనిస్టులు మాట్లాడినవి కలిపి తెలుగు చేసి ఒక చిన్న పుస్తకం వేయాలి. ధర తక్కువగా ఉండాలి. పట్టాదారుకూ కౌలుదారుకూ ఇద్దరికీ అందాలి.