ఎవరి కట్టెలు ఎవరు వెయ్యాలి?

పోయిన పొంగల్‌కి మా ఇంటి అరుగు మీద దాయం ఆటలో జరిగిన తగాదా మీలో కొందరు కళ్ళారా చూశారు. ఆ రోజు తీర్పు చెప్పింది నేనే. అందుకే ఈ రాత. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

ముందు కట్టెల సంగతి. విళాత్తికుళం వైపు మన ఇళ్ళలో ఉండేవి రెండు పొడుగాటి ఇత్తడి కట్టెలు. ఒక్కోదానికి నాలుగు ముఖాలు. మూడింటి మీద ఒకటి, రెండు, మూడు చుక్కలు, నాలుగోది బోడిది. రెండూ బోడివి పడితే పన్నెండు. ఒకటీ బోడిదీ పడితే దాయం, అది పడితేగానీ కాయ పటంలోకి దిగదు. కట్టెలు 16 రకాలుగా పడొచ్చు, అందులో దాయం 2 మాత్రమే. కాయలన్నీ ఒళ్ళో పెట్టుకుని గంటసేపు కూర్చున్నవాళ్ళకి ఈ లెక్క చెప్పక్కర్లేదు.

ఇక్కడి నుంచి ఇంటికో చట్టం. దాయం, అయిదు, ఆరు, పన్నెండు పడితే మళ్ళీ వెయ్యాలంటారు మా అమ్మ వైపు వాళ్ళు. అయిదుకి లేదంటారు మా నాయన వైపు. చిన్న తేడాలాగే ఉంటుంది గానీ, 16లో 6 సార్లు దొరికే అవకాశం 4కి పడిపోతుంది. ఆంధ్రలో నాలుగు గవ్వలతో ఆడే అష్టాచెమ్మాలోనూ ఇంతే, ఊరు మారితే చట్టం మారుతుంది. మా అబ్బాయి ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ కూడా అంతేనట. 1974లో వచ్చిన ఆ అమెరికా ఆటలో వీరుడి బలం తేల్చడానికి మూడు పాచికలు వేసేవాళ్ళు. 1979 పుస్తకానికల్లా నాలుగు వేసి తక్కువది తీసెయ్యొచ్చని ఒక పద్ధతి వచ్చింది. వీరుడు మరీ బక్కగా పుడితే ఆడబుద్ధి కాదు కదా!

ఇక తగాదా. మా అవ్వకి చేతులు వణుకుతాయి. ఆమె బదులు మనవరాలు వేసింది. పన్నెండు, వెంటనే దాయం. ఎదుటివాళ్ళు గోల పెట్టారు. "ఎవరి కాయలకి వాళ్ళే వెయ్యాలి" అనేశాను. అవ్వ మాట్లాడకుండా లేచి లోపలికి వెళ్ళింది.

రాత్రి నిద్ర పట్టలేదు. సభాపర్వంలోనూ ఇదే పేచీ. పందెం నేను ఒడ్డుతాను, పాచికలు మా మామ శకుని వేస్తాడు అంటాడు దుర్యోధనుడు. ఒకరి కోసం ఒకరు ఆడటం సరికాదని ధర్మరాజు అంటూనే కూర్చుంటాడు. మన పక్కనే ఎట్టయాపురంలో పుట్టిన భారతి ఆ జూదం మీదే పాంచాలి శపథం రాశాడు, మొదటి భాగం 1912లో వచ్చింది.

నా తీర్పుకి ధర్మరాజు సాక్ష్యం దొరికిందని మొదట సంతోషించాను. కానీ ఆయన అడిగింది కట్టె కింద పడకముందు. నేను చట్టం చెప్పింది పన్నెండు పడ్డాక. పైగా శకుని ఆరితేరిన చెయ్యి, మా పిల్లకి కట్టెలు దొర్లించడమే సరిగ్గా రాదు.

నిన్న అవ్వ దగ్గర కూర్చుని, ఈ ఏడు నీ బదులు పిల్లే వేస్తుంది, ఆట మొదలుకాకముందే అందరికీ చెబుతాను అన్నాను. అవ్వ కాసేపు నా మొహం చూసింది.

"అది సరేరా, అయిదుకి మళ్ళీ వెయ్యాలా వద్దా? అది తేల్చు ముందు" అంది.