చేతికందిన పెట్టె

బల్ల మీది కంప్యూటర్ నాలుగు దశాబ్దాల్లో రూపం మార్చుకుంటూ వచ్చింది. ఆ మార్పుల వెనక ఉన్నది మనిషి ఒళ్లు, చెయ్యి, చూపు

1981 ఆగస్టు 12న న్యూయార్క్‌లో ఐబీఎం తన తొలి పర్సనల్ కంప్యూటర్‌ను ప్రకటించింది. మోడల్ నంబరు 5150. ఫ్లోరిడాలోని బోకా రటోన్‌లో డాన్ ఎస్ట్రిడ్జ్ బృందం దాదాపు ఏడాదిలోనే దాన్ని రూపొందించింది. అర మీటరు వెడల్పు, 14 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఆ రేకు పెట్టె బల్ల మీద అడ్డంగా పరుచుకుని ఉండేది. మానిటర్ దాని నెత్తిన. ఆన్ చేయాలంటే కుడి పక్కన, వెనక మూల దాకా చెయ్యి చాచి పెద్ద ఎర్ర మీటను ఎత్తాలి. పవర్ సప్లై డబ్బా ఆ మూలనే ఉంది కాబట్టి మీట కూడా అక్కడే ఉంది. చేతికి ఏది దగ్గరో కాదు, కరెంటుకు ఏది దగ్గరో చూసి పెట్టిన స్విచ్ అది.

కంప్యూటర్ చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా చిప్పుల వేగం గురించే రాస్తారు. మనం వాడుకలో సీపీయూ అనేసే ఆ పెట్టెకూ చెప్పుకోదగ్గ చరిత్ర ఉంది. ఎదురుగా కూర్చుని పనిచేసే మనిషి ఒకరు, మూత విప్పి బాగుచేసే మనిషి మరొకరు. వీళ్లలో ఎవరిని మరిచిపోయినా ఆ కష్టం ఎవరో ఒకరు ఏళ్ల తరబడి మోయాల్సి వచ్చింది.

వేలు కనిపెట్టే నునుపు

1977లో వచ్చిన ఆపిల్ 2 పెట్టెకు రూపమిచ్చింది జెర్రీ మానాక్. పనిముట్లు లేకుండా, చేత్తోనే పైమూత లేపి కొత్త కార్డు పెట్టుకోవచ్చు. బాగుచేసేవారికి అంతకన్నా ఏం కావాలి? కానీ కీబోర్డు పెట్టెలోనే కలిసిపోయి ఉంది. యంత్రం ఎక్కడుంటే టైపు చేసే మనిషి అక్కడికి ఒంగాలి. 5150 ఈ ఒక్క విషయంలో మేలు చేసింది. చుట్టలు తిరిగిన తీగతో కీబోర్డును విడదీసింది. దాన్ని దగ్గరకు లాక్కోవచ్చు, ఒళ్లో పెట్టుకోవచ్చు. కీబోర్డు తెరకు వేరుగా ఉండాలనీ, తెర అటూ ఇటూ సులువుగా తిరగాలనీ యూరప్ 1990లో 90/270 ఆదేశంతో ఉద్యోగుల హక్కుగా మార్చింది.

1984లో వచ్చిన తొలి మాకింతోష్ పెట్టెను అదే మానాక్, టెర్రీ ఒయామాతో కలిసి తీర్చిదిద్దారు. బల్ల మీద తక్కువ చోటు పట్టేలా నిలువుగా కట్టారు. ఎత్తుకెళ్లడానికి పైన చెయ్యి పట్టే గాడి పెట్టారు. పవర్ స్విచ్ వెనక వైపే ఉన్నా ఒక జాగ్రత్త తీసుకున్నారు. పెట్టె అంతా గరుకుగా ఉంటే స్విచ్ దగ్గర మాత్రం నున్నగా చేశారు. తొంగి చూడకుండానే వేలు దాన్ని పట్టేస్తుంది. వాడే మనిషి మీద ఇంత శ్రద్ధ పెట్టిన ఆ యంత్రమే విప్పే మనిషిని దూరం పెట్టింది. లోతైన రంధ్రాల్లో నక్షత్రం ఆకారపు స్క్రూలు బిగించారు. వాటిని అందుకోవాలంటే పొడవాటి ప్రత్యేక స్క్రూడ్రైవర్ కావాలి.

బల్ల దిగిన పెట్టె

1987లో ఐబీఎం పీఎస్/2 శ్రేణి తెచ్చింది. మోడల్ 50లో చేత్తో తిప్పే స్క్రూలు, నొక్కితే ఊడివచ్చే భాగాలు. మోడల్ 60 నేల మీద నిలబడే టవర్. తర్వాతి పదేళ్లలో టవర్ రూపం బాగా వ్యాపించింది. బల్ల ఖాళీ అయింది, కానీ రెండు కొత్త ఇబ్బందులు వచ్చాయి. ఇన్నాళ్లూ మానిటర్‌ను ఎత్తి పట్టిన పెట్టె తప్పుకోవడంతో తెర కిందికి జారింది, దాంతోపాటే మెడ వంగింది. తెర పై అంచు కంటి ఎత్తుకు సమంగానో, కాస్త కిందనో ఉండాలన్నది నిపుణుల మాట. ఇక పెట్టె వెనక ఏ తీగ పెట్టాలన్నా బల్ల కింద దూరి తడుముకోవాల్సిందే.

అప్పటి ఏటీ తరహా క్యాబినెట్లలో ముందున్న పవర్ బటన్‌కు ప్రమాదం కూడా తోడైంది. గోడ ప్లగ్గు నుంచి వచ్చే కరెంటు నాలుగు తీగల్లో నేరుగా ఆ బటన్ దాకా నడిచేది. మన దేశంలో అయితే 230 వోల్టులు. పైగా మదర్‌బోర్డుకు కరెంటు ఇచ్చే కనెక్టర్లు రెండు, చూడటానికి ఒకేలా ఉండేవి. నల్ల తీగలు మధ్యలో పక్కపక్కన వచ్చేలా పెట్టాలన్నది మెకానిక్‌లు కంఠతా పట్టిన సూత్రం. తారుమారైతే బోర్డు కాలిపోవచ్చు.

1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ ప్రమాణం ఈ బెడదను తీర్చింది. ముందున్న బటన్‌కు వచ్చేది ఇక చిన్న సంకేతపు కరెంటే. రెండు కనెక్టర్లకు బదులు ఒకటే వచ్చింది, తప్పుగా పెడదామన్నా అది ఎక్కదు. ఇది ఎవరికీ కనిపించని మార్పు, దాన్ని పొగిడినవాళ్లు తక్కువే. నా దృష్టిలో కంప్యూటర్ పెట్టె చరిత్రలో మనిషికి జరిగిన అతి పెద్ద మేలు ఇదే. జాగ్రత్తగా ఉండమని మెకానిక్‌కు చెప్పి వదిలేయకుండా, పొరపాటుకు చోటే లేకుండా చేసింది.

ఆ తర్వాత మైక్రోసాఫ్ట్, ఇంటెల్ కలిసి రూపొందించిన పీసీ 99 మార్గదర్శకాలు కనెక్టర్లకు రంగులు కేటాయించాయి. కీబోర్డుకు ఊదా, మౌస్‌కు ఆకుపచ్చ, మానిటర్‌కు నీలం, మైకుకు గులాబీ. అచ్చం ఒకేలా ఉండే రెండు గుండ్రటి రంధ్రాల్లో ఏది దేనిదో తెలియక తికమకపడ్డ లక్షల మందికి ఆ రంగులే దారి చూపాయి. 1999 జనవరిలో ఆపిల్ తెచ్చిన నీలి తెలుపు పవర్ మ్యాక్ జీ3లో గొళ్లెం లాగితే పక్క తలుపు బల్ల మీదికి వాలుతుంది, మదర్‌బోర్డు దానితోపాటే బయటికి వస్తుంది. నాలుగు మూలలా పట్టుకోవడానికి పిడులు కూడా ఉన్నాయి. కూర్చునేవారినీ విప్పేవారినీ ఒకేసారి తలచుకున్న పెట్టె అది.

మన చేతుల సంగతి

తెలుగు ఇళ్లలోకి డెస్క్‌టాప్ చాలావరకు అసెంబుల్డ్ రూపంలోనే వచ్చింది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల విడిభాగాలు ఎంచుకుంటే దుకాణదారే బిగించి ఇచ్చేవాడు. ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ బేరమాడాక మిగిలిన డబ్బుతో కొనేది క్యాబినెట్. చవక రకాల్లో రేకు అంచులు మడవకుండా వదిలేసేవారు. లోపల చెయ్యి పెట్టిన మెకానిక్ వేళ్లు తెగేవి. చవక అన్న పేరుతో ఆ ఖర్చును చెల్లించింది అతని చేతులే.

ఇప్పుడు గాజు పలకలు, రంగుల దీపాలు వచ్చాయి. కంటికి ఇంపుగా ఉండటం తప్పు కాదు. అయితే అడగాల్సిన ప్రశ్నలు పాతవే. కూర్చున్న చోటి నుంచి బటన్ అందుతుందా? యూఎస్‌బీ ముందు వైపు ఉందా? దుమ్ము జల్లెడ చేత్తో ఊడివస్తుందా? లోపలి అంచులు మడిచి ఉన్నాయా? బడికో ఆఫీసుకో పదుల సంఖ్యలో కొనేటప్పుడు టెండరులో ప్రాసెసర్ వేగం పక్కనే ఈ నాలుగింటినీ రాయాలి. ఆ యంత్రాల ముందు రోజూ కూర్చోబోయే పిల్లలూ గుమాస్తాలూ, వాటిని విప్పి బాగుచేయబోయే మెకానిక్‌లూ కొనుగోలు కమిటీల్లో ఉండరు. వాళ్ల తరఫున అడగడం కొనేవారి బాధ్యత.