రాజభవనం హోటలైతే: ఫలక్‌నుమా చెప్పే చరిత్ర

1. ఉపోద్ఘాతం

విద్యార్థులారా! చరిత్రకు ఆధారాలు శాసనాలు, ఫర్మానాలు, నాణేలు మాత్రమే కావు. కట్టడాలు కూడా ఆధారాలే. ఒక కట్టడాన్ని ఎవరు కట్టారన్నది ఎంత ముఖ్యమో, తరువాత దాన్ని ఎవరు, దేనికి వాడుకున్నారన్నదీ అంతే ముఖ్యం. రాజభవనాలు హోటళ్లుగా ఎందుకు మారాయో, ఆ మార్పు వల్ల ఏమి నిలిచిందో, ఏమి మరుగున పడిందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

నేను నాగోల్‌లో ఉంటాను. ఒక సెలవుల్లో మా అమ్మాయి పట్టుబట్టి మా అందరినీ ఫలక్‌నుమాలో ఒక రాత్రి బసకు తీసుకువెళ్లింది. నా పింఛనుతో అయ్యే పని కాదు, ఖర్చు తనే పెట్టుకుంది. సాయంత్రం అతిథులందరికీ భవనం చూపించి కథ చెబుతుంటే, తొమ్మిదేళ్ల మా మనవరాలు నా చెయ్యి పట్టుకుని, “తాతయ్యా, ఇది ఎవరిల్లు?” అని అడిగింది. ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఈ పాఠం.

2. ఫలక్‌నుమా: కట్టినవారు, పొందినవారు

‘ఫలక్’ అంటే ఆకాశం, ‘నుమా’ అంటే చూపేది. చార్మినార్‌కు సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, గుట్ట మీద ఉన్న ఈ భవనానికి 1884 మార్చి 3న శంకుస్థాపన జరిగింది. కట్టించినవాడు నిజాం కాదు, పాయిగా వంశీయుడైన నవాబు వికార్-ఉల్-ఉమ్రా. ఆయన తరువాత హైదరాబాద్ రాజ్యానికి ప్రధానమంత్రి కూడా అయ్యాడు. పాయిగాలు అంటే నిజాంకు సైన్యాన్ని సమకూర్చి, అందుకు ప్రతిగా పెద్ద జాగీర్లు పొందిన ప్రభు కుటుంబాలు. నిజాం కుటుంబంతో వీరికి వియ్యం ఉండేది. వికార్-ఉల్-ఉమ్రా ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు స్వయానా బావ.

నిర్మాణం పూర్తి కావడానికి దాదాపు పదేళ్లు పట్టింది. అయిన ఖర్చు నవాబు తాహతుకు మించిపోయింది. 1890ల చివర్లో భవనం ఆరో నిజాం చేతికి వెళ్లింది. బావ కానుకగా సమర్పించాడని ఒక కథనం, నిజాం సొమ్ము చెల్లించి తీసుకున్నాడని మరొక కథనం. ఇక్కడ ఒక విషయం గమనించండి. ‘కానుక’ అన్న మాట ఇద్దరి గౌరవాన్నీ కాపాడుతుంది, ‘అప్పు’ అన్న మాట కాపాడదు. ఒకే సంఘటనకు రెండు కథనాలు వినిపించినప్పుడు, ఏది ఎవరికి అనుకూలమో అడగడం చరిత్ర విద్యార్థి మొదటి పని.

నిజాం చేతికి వచ్చాక ఇది రాజ అతిథిగృహమైంది. 1906లో వేల్స్ యువరాజు, అంటే తరువాతి ఐదో జార్జి చక్రవర్తి, ఇక్కడ బస చేశాడు. భోజనశాలలోని బల్ల చుట్టూ ఒకేసారి 101 మంది కూర్చోవచ్చు. మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఈ భవనంలోనే కన్నుమూశాడు. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అతిథిగా వచ్చి వెళ్లాక, దీని తలుపులు చాలాకాలం మూతబడ్డాయి.

3. భవనాలు హోటళ్లుగా ఎందుకు మారాయి?

ఒక రాజభవనం నిలబడాలంటే దాని వెనుక రాబడి ఉండాలి. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. దేశవ్యాప్తంగా మాజీ రాజులకు మిగిలిన రాజభరణాలు కూడా 1971లో 26వ రాజ్యాంగ సవరణతో పోయాయి. ఆదాయం ఆగింది కానీ, కప్పు కారడం ఆగదు కదా!

కొందరు ఈ మార్పును ముందే పసిగట్టారు. జైపూర్‌లో రాంబాగ్ 1957లో, ఉదయపూర్‌లో సరస్సు మధ్య ఉన్న మహలు 1963లో హోటళ్లయ్యాయి. తరువాత ప్రభుత్వం 1950కి ముందు కట్టిన కోటలు, మహళ్లు, హవేలీల్లో నడిచే హోటళ్లను ‘హెరిటేజ్ హోటళ్లు’ అనే ప్రత్యేక తరగతిగా గుర్తించింది.

ఫలక్‌నుమా ఈ దారిలోకి ఆలస్యంగా వచ్చింది. తాజ్ సంస్థ దీన్ని లీజుకు తీసుకుంది. ముకర్రం జా మాజీ భార్య ప్రిన్సెస్ ఎస్రా పర్యవేక్షణలో దాదాపు పదేళ్లు మరమ్మతులు జరిగాయి. 2010 నవంబరులో హోటల్‌గా తెరుచుకుంది.

4. మన పక్కనే ఉన్న మరో రెండు భవనాలు

పోలిక లేకుండా చరిత్ర అర్థం కాదు. దిల్‌సుఖ్‌నగర్‌కు దగ్గరలో, మలక్‌పేట గుట్ట మీద అస్మాన్‌గఢ్ ఉంది. దాన్ని కట్టించిన సర్ అస్మాన్ జా కూడా పాయిగా ప్రభువే, ప్రధానమంత్రే. ఆ భవనం పాఠశాల అయింది. ఎల్బీనగర్ మెట్రో మార్గంలో ‘విక్టోరియా మెమోరియల్’ అనే స్టేషను పేరు మీరు వినే ఉంటారు. ఆరో నిజాం కాలంలో సరూర్‌నగర్‌లో రాజభవనంగా మొదలైందని చెప్పే ఆ కట్టడం, 1901లో మరణించిన విక్టోరియా రాణి పేరిట అనాథ బాలల గృహంగా మారింది. అక్కడ ఎందరో పేదపిల్లలు అన్నం తిని, చదువుకుని, జీవితంలో నిలబడ్డారు.

నాలుగో గతి కూడా ఉంది. అస్మాన్ జాదే అయిన బషీర్‌బాగ్ భవనం నేలమట్టమై, ఒక పేటకు పేరుగా మాత్రం మిగిలింది. ఇర్రం మంజిల్ కూడా అలాగే పోవలసింది. దాని కూల్చివేత నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టివేయడంతో నిలిచింది.

5. లాభనష్టాల విచారణ

హోటల్ కావడం వల్ల ఫలక్‌నుమా బతికింది. దీన్ని ఒప్పుకోవాలి. పాతకాలపు చెక్కపని, అద్దాలు, గ్రంథాలయం చెదలపాలు కాలేదు. కానీ గేటు దాటాలంటే సొమ్ము కావాలి. అతిథికి వినిపించే కథలో నవాబులు, విందులు, వజ్రాలు ఉంటాయి. రాళ్లు మోసిన కూలీలు, శిస్తు కట్టిన జాగీరు రైతులు ఉండరు. విక్టోరియా మెమోరియల్‌లో సంగతి ఇందుకు తిరగబడింది: అక్కడ తలుపు పేదవాడికి తెరుచుకుంది, కానీ కట్టడాన్ని చూడటానికి వచ్చే యాత్రికుడు లేడు.

2017 నవంబరు 28న ప్రధానమంత్రి హైదరాబాద్ మెట్రోను ప్రారంభించారు. మర్నాటి నుంచి నాగోల్ ప్రజలు రైలెక్కారు. ఆ 28 రాత్రే, ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు అతిథులకు ఫలక్‌నుమాలో విందు జరిగింది. ఒకే రోజు, ఒకే నగరం. ఒక తలుపు టికెట్టు కొన్న ప్రతివారికీ, మరొకటి ఆహ్వానం ఉన్నవారికీ తెరుచుకున్నాయి.

6. సారాంశం

మా మనవరాలికి మర్నాడు ఇంటికి వస్తూ దారిలో ఇలా చెప్పాను: “అమ్మా, నవాబు కట్టించాడు, నిజాం ఉన్నాడు, హోటలువాళ్లు కాపాడుతున్నారు. కట్టిన సొమ్ము మాత్రం ఊళ్లలో రైతుల దగ్గరనుంచి వచ్చింది. అందుకే ఇందులో మనకూ కొంచెం వాటా ఉంది.” ఆ వాటా గది అద్దెకు తీసుకుంటేనే దక్కేది కాదు. ప్రశ్న అడిగితే దక్కుతుంది. మీరు ఫలక్‌నుమాకు వెళ్లలేకపోయినా, సంతోష్‌నగర్ దగ్గర పాయిగా సమాధులకు వెళ్లవచ్చు. ఆ ప్రభువుల వంశీయులు అక్కడే, సున్నపు నగిషీల మధ్య నిద్రిస్తున్నారు.

7. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఫలక్‌నుమా నిజాం చేతికి వెళ్లిన తీరుపై రెండు కథనాలు ఎందుకు ఏర్పడి ఉంటాయి?
2. 1948 నుంచి 1971 వరకు జరిగిన ఏ మార్పులు రాజభవనాల పోషణను దెబ్బతీశాయి?
3. మీ ఊళ్లో లేదా పేటలో ఒక పాత కట్టడాన్ని ఎంచుకోండి. దాన్ని ఎవరు కట్టారు, ఎవరు వాడారు, ఇప్పుడు లోపలికి ఎవరు వెళ్లగలరు? పెద్దలను అడిగి ఒక పేజీ రాయండి.